ఉబ్బసం ఎవరి వైపు నుంచి వచ్చింది?



వానాకాలం మొదలైందంటే చాలు, మా పిల్లల ఓ.పి. ముందు బెంచీలు పొద్దున్నే నిండిపోతాయి. ఉప్పల్, రామంతాపూర్, బోడుప్పల్, నాచారం, మల్లాపూర్ వైపు నుంచి తల్లులు పిల్లలను చంకనేసుకొని వస్తారు. “రాత్రంతా ఒకటే దగ్గు సిస్టర్, కంటిమీద కునుకు లేదు” అని ఒకరు, “ఛాతీలో పిల్లికూతలు వినబడుతున్నాయి” అని ఇంకొకరు, “నెలకోసారి నెమ్ము చేస్తోంది” అని మరొకరు చెబుతారు. బిడ్డను పరీక్ష చేశాక మేము తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: “మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉబ్బసం గాని, పొద్దున లేవగానే తుమ్ములు గాని, చర్మం మీద దురద దద్దుర్లు గాని ఉన్నాయా?”

దగ్గు గురించి అంతసేపు గలగలా మాట్లాడినవారు ఈ ప్రశ్న దగ్గర ఆగిపోతారు. “మా వైపు ఎవరికీ లేదండీ” అని నానమ్మ ముందే అనేస్తుంది. తల్లి తల వంచుకుంటుంది. వారం తర్వాత బిడ్డను చూపించడానికి ఒంటరిగా వచ్చినప్పుడు, “మా నాన్నకు ఉండేది మేడమ్, ఆరోజు అత్తమ్మ ముందు చెప్పలేకపోయాను” అంటుంది. ఇంకొక ఇంట్లో తండ్రికే ఉబ్బసం. ఇన్‌హేలర్ ఆయన జేబులోనే ఉంటుంది, అయినా నోరు విప్పడు. ఆడపిల్ల అయితే భయం ఇంకా ఎక్కువ. చీటీ మీద ‘ఆస్తమా’ అని రాయవద్దని, రేపు సంబంధాలు రావని బతిమాలే తల్లిదండ్రులూ ఉన్నారు.

ఈ మౌనం వల్ల నష్టపోయేది బిడ్డ. అందుకే ఈ సంచికలో మా అభిప్రాయాన్ని దాపరికం లేకుండా చెప్పదలచాము. మేము వంశం గురించి అడిగేది తప్పు ఎవరిదో తేల్చడానికి కాదు. బిడ్డకు రాబోయే కష్టాన్ని ముందుగా కనిపెట్టడానికి.

ఆ జవాబుతో మాకేం పని?

చిన్న పిల్లలకు పిల్లికూతలు వచ్చిన ప్రతిసారీ అది ఉబ్బసం కాదు. జలుబు చేసినప్పుడు ఊపిరి గొట్టాలు వాచి, సన్నబడి, అలాంటి శబ్దం వస్తుంది. చాలామంది పిల్లలకు ఐదారేళ్లు వచ్చేసరికి అది దానంతట అదే తగ్గిపోతుంది. కొందరికి మాత్రం నిలిచిపోతుంది. ఎవరికి తగ్గుతుందో, ఎవరికి నిలుస్తుందో తేల్చడం తేలిక కాదు. గట్టిగా ఊదించి చేసే ఊపిరితిత్తుల పరీక్షను ఐదేళ్లలోపు పిల్లలు సరిగా చేయలేరు. ఎక్స్-రేలో ఉబ్బసం కనబడదు.

అలాంటప్పుడు మాకు దారి చూపేది ఇంటి చరిత్ర. అమెరికాలోని ట్యూసన్ నగరంలో పిల్లలను పుట్టినప్పటి నుంచి ఏళ్ల తరబడి గమనించి, 2000లో వైద్యులు ఒక సూచికను ప్రచురించారు. మూడేళ్లలోపు బిడ్డకు పదేపదే పిల్లికూతలు వస్తూ, తల్లికి గాని తండ్రికి గాని ఉబ్బసం ఉన్నా, బిడ్డకు ఎగ్జిమా అనే చర్మపు దురద ఉన్నా, బడి వయసులో ఉబ్బసం నిలిచే అవకాశం ఎక్కువ అని అందులో తేలింది. ఖర్చులేని పరీక్ష ఇది. మీరు నిజం చెబితే చాలు.

చెప్పకపోతే ఏమవుతుందో మేము చూస్తూనే ఉన్నాము. ప్రతి నెలా నెమ్ము అనుకొని యాంటీబయాటిక్ సీసాలు తాగిస్తారు. ప్రైమరీ కాంప్లెక్స్ ఏమోనని అవసరం లేని బిడ్డకు కూడా ఆరు నెలల మందులు పడతాయి. అసలు జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. 2019 నాటి అంచనాల ప్రకారం మన దేశంలో సుమారు 3 కోట్ల 43 లక్షల మందికి ఉబ్బసం ఉంది. ప్రపంచంలోని ఉబ్బస రోగులలో అది 13 శాతం. అయితే ఉబ్బసం మరణాలలో మన దేశం వాటా అంతకంటే చాలా ఎక్కువ. జబ్బును ఆలస్యంగా గుర్తించడం, సరైన మందు వాడకపోవడం ఇందుకు ముఖ్య కారణాలు.

జన్యువులు ఎంతవరకు?

మనం ఉండే ప్రాంతానికి ఒక విశేషం ఉంది. 1977లో మొదలైన సి.సి.ఎం.బి. పరిశోధన సంస్థ హబ్సిగూడలో, ఉప్పల్ రోడ్డు మీదే ఉంది. డి.ఎన్.ఎ. వేలిముద్రల కేంద్రం సి.డి.ఎఫ్.డి. కొన్నేళ్లు నాచారంలో ఉండి, తర్వాత నాంపల్లికి వెళ్లి, ఇప్పుడు ఉప్పల్‌లో పనిచేస్తోంది. బస్సులో వెళ్తూ ఆ బోర్డులు చూసేవారు మమ్మల్ని అడుగుతుంటారు: “అలాంటి చోట రక్తపరీక్ష చేయిస్తే, ఉబ్బసం జన్యువు మాలో ఎవరిదో తెలిసిపోతుంది కదా?”

తెలియదు. ఎందుకో చెబుతాము. తలసేమియా లాంటి జబ్బు ఒక్క జన్యువులోని లోపం వల్ల వస్తుంది. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. అలాంటి జబ్బులకు జన్యు పరీక్ష ఎంతో మేలు చేస్తుంది. ఉబ్బసం అలాంటిది కాదు. దానికి ఒక్క జన్యువంటూ లేదు. ఎన్నో జన్యువులు, ఒక్కొక్కటి కొద్దికొద్దిగా, కలిసి పనిచేస్తాయి.

2007లో బ్రిటన్, జర్మనీ పిల్లల మీద చేసిన పరిశోధనలో 17వ క్రోమోజోమ్ మీద ఒక చోటును గుర్తించారు. అక్కడ ఓ.ఆర్.ఎం.డి.ఎల్.3 అనే జన్యువు ఉంది. చిన్నతనంలో వచ్చే ఉబ్బసానికీ ఆ చోటుకూ సంబంధం ఉందని తేలింది. 2010లో గేబ్రియల్ అనే పెద్ద అధ్యయనంలో ఉబ్బసం ఉన్న 10,365 మందినీ, లేని 16,110 మందినీ పోల్చి చూశారు. ఇంకా కొన్ని జన్యువులు బయటపడ్డాయి. అయితే అవన్నీ కలిపి చూసినా ఏ బిడ్డకు ఉబ్బసం వస్తుందో ముందుగా చెప్పలేమని ఆ శాస్త్రవేత్తలే రాశారు. పైగా ఆ అధ్యయనంలో ఉన్నవారు యూరప్ సంతతివారు. మన దేశంలో 10,000 మంది జన్యు సమాచారాన్ని సేకరించిన జీనోమ్ ఇండియా పథకం వివరాలు 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. అందులో మన సి.సి.ఎం.బి. కూడా భాగస్వామి. రేపు మన పిల్లల గురించి మరింత తెలియవచ్చు. ఈరోజు మాత్రం, ఉమ్మి పంపితే పిల్లల జబ్బులన్నీ ముందే చెబుతామని అమ్మే పరీక్షల మీద ఉబ్బసం కోసం డబ్బు పెట్టవద్దని మా సలహా. ఆ డబ్బుతో బిడ్డకు మంచి స్పేసర్, కొన్ని నెలల మందు వస్తాయి.

మరి వంశం లెక్క ఎంత? పలు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, తల్లికి ఉబ్బసం ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు మూడింతలు, తండ్రికి ఉంటే సుమారు రెండున్నర ఇంతలు అని తేలింది. అంటే తండ్రి వైపూ తక్కువేమీ కాదు. ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. ఉబ్బసం ఉన్న తల్లిదండ్రుల పిల్లల్లో చాలామందికి అది రాదు. ఇంట్లో ఎవరికీ లేకపోయినా వచ్చే పిల్లలూ ఉన్నారు.

విత్తనం ఒక్కటే చాలదు

విత్తనం ఎలాంటిదైనా నేల, నీరు కుదిరితేనే మొలుస్తుందని వ్యవసాయం చేసిన మన పెద్దలకు తెలుసు. ఉబ్బసం కూడా అంతే. ఒకే రూపు కవలలకు జన్యువులు ఒక్కటే. అయినా ఒకరికి ఉబ్బసం ఉండి, రెండోవారికి లేకపోవడం వైద్యులు చూస్తూనే ఉన్నారు.

17వ క్రోమోజోమ్ సంగతి పైన చెప్పాము. 2008లో ఫ్రాన్స్ కుటుంబాల మీద చేసిన అధ్యయనంలో ఒక ముఖ్యమైన విషయం బయటపడింది. ఆ జన్యు మార్పు ఉన్న పిల్లలు పసితనంలో ఇంట్లో సిగరెట్ పొగ పీలిస్తే, చిన్న వయసులోనే ఉబ్బసం వచ్చే ప్రమాదం ఇంకా పెరుగుతుందట. జన్యువు బిడ్డ కోరుకొని తెచ్చుకున్నది కాదు. పొగ మాత్రం పెద్దలు పెట్టేది.

మరో ఉదాహరణ మన సంఘస్థులకు ఆసక్తిగా ఉంటుంది. అమెరికాలో అమిష్, హట్టరైట్ అనే రెండు క్రైస్తవ సమాజాలు ఉన్నాయి. రెండింటి పూర్వీకులూ యూరప్ నుంచి వచ్చినవారే. జన్యువుల రీత్యా దగ్గరివారు. తిండి, పెద్ద కుటుంబాలు, తల్లిపాలు ఇవ్వడం, అన్నీ ఇంచుమించు ఒకటే. కాని 2016లో ప్రచురించిన లెక్కల ప్రకారం అమిష్ పిల్లల్లో ఉబ్బసం సుమారు 5 శాతం, హట్టరైట్ పిల్లల్లో 21 శాతం. తేడా ఎక్కడ? అమిష్‌లు గుర్రాలతో సేద్యం చేస్తారు, ఆవుల కొట్టాలు ఇంటి పక్కనే ఉంటాయి. హట్టరైట్‌లు పెద్ద యంత్రాలతో సేద్యం చేస్తారు, పసిపిల్లలు కొట్టాల వైపు వెళ్లరు. పసితనం నుంచి పశువుల దగ్గరి సూక్ష్మజీవులతో పరిచయం ఉన్న పిల్లల శరీరం అలర్జీ వైపు అంత తొందరగా మళ్లలేదని పరిశోధకులు వివరించారు.

దీన్ని చదివి దుమ్ము మంచిదని అనుకోకండి. ఆ కొట్టాల దుమ్ము వేరు, మన రింగ్ రోడ్డు మీది డీజిల్ పొగ, సిమెంటు దుమ్ము వేరు. మేము చెప్పదలచినది ఒక్కటే. వంశం ఒక్కటే అయినా పిల్లలు పెరిగే చోటును బట్టి జబ్బు నాలుగింతలు తేడా రావచ్చు.

మేనరికం వల్లేనా?

ఇది మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న. రక్తసంబంధంలో పెళ్లిళ్ల వల్ల తలసేమియా లాంటి, రెండు వైపుల నుంచీ లోపం అందితే వచ్చే జబ్బుల ప్రమాదం పెరుగుతుంది. అందుకని మేనరికం వద్దనే మేమూ చెబుతాము. కాని ఉబ్బసాన్ని మేనరికం మీదికి నెట్టేయడం సరికాదు. మా దగ్గరికి వచ్చే ఉబ్బసం పిల్లల్లో బంధుత్వం లేని తల్లిదండ్రుల బిడ్డలు ఎందరో ఉన్నారు. రెండు కుటుంబాల్లోనూ ఉబ్బసం, అలర్జీలు ఉంటే బిడ్డకు రెండు వైపుల నుంచీ కొంత కొంత చేరుతుంది. ఆ రెండు కుటుంబాలూ బంధువులైనా, కొత్తవారైనా ఇది ఒక్కటే. కాబట్టి జరిగిపోయిన పెళ్లిని ఇప్పుడు తవ్వుకోవడంలో బిడ్డకు ఒరిగేదేమీ లేదు.

మన చేతిలో ఉన్నవి

ఇంట్లో ఉబ్బసం చరిత్ర ఉందని తెలిస్తే ముందు పొగ మానిపించాలి. బీడీ, సిగరెట్ బయటికి వెళ్లి తాగి వచ్చినా బట్టలకు, చేతులకు అంటుకునే ఉంటుంది. కాబట్టి పూర్తిగా మానడమే మంచిది. గర్భిణి పక్కన అసలే తాగకూడదు. పసిపిల్లలకు తలంటి పోశాక సాంబ్రాణి పొగ వేయడం మన ఇళ్లలో ప్రేమతో చేసే పని. అయినా ఆ పొగ పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తల మెత్తని గుడ్డతో తుడిచి ఆరబెడితే చాలు. రాత్రి తలుపులన్నీ మూసి దోమల చక్రం వెలిగించే బదులు దోమతెర కట్టండి. వానాకాలంలో చెమ్మ పట్టిన గోడలు, బొద్దింకలు, దులపని పరుపులు, బాల్కనీలో గూడు కట్టిన పావురాలు, ఇవీ చూసుకోవలసినవే. క్రిస్మస్‌కు ఇంటికి రంగులు వేయిస్తే ఆ వాసన పోయేదాకా బిడ్డను బంధువుల ఇంట్లో ఉంచండి. డిసెంబరు రాత్రుల్లో కారల్స్‌కు పిల్లలను తీసుకెళ్లేవారు ఇన్‌హేలర్ వెంట పెట్టుకోండి.

అయితే భారమంతా తల్లి మీద వేసి ఊరుకోవడం కూడా న్యాయం కాదు. నాచారం, ఉప్పల్ పారిశ్రామిక ప్రాంతాల పక్కన అద్దెకుండే కుటుంబం తలుపు మూసుకున్నంత మాత్రాన గాలి మారదు. 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పని ఏళ్ల తరబడి సాగినప్పుడు ఆ దారి పొడవునా ఉన్నవారు ఎంత దుమ్ము పీల్చారో మనమంతా చూశాము. చలికాలంలో గాలి కదలక పొగ నేలమీదే నిలుస్తుంది. అదే సమయంలో వీధి చివర చెత్త తగలబెడతారు. “వాళ్ల వంశంలోనే ఉంది” అనే మాట గాలిని పాడుచేసేవారికి సాకు కాకూడదు. వంశంలో ఉన్న పిల్లలకే శుభ్రమైన గాలి ఇంకా ఎక్కువ అవసరం. చెత్త తగలబెడుతుంటే ఫిర్యాదు చేయండి. బస్తీ కమిటీలో, సంఘ కూటమిలో ఈ విషయం మాట్లాడండి. ముందుగా మన చర్చి ఆవరణలో ఆకులు ఊడ్చి తగలబెట్టడం మానేద్దాం.

మందుకు భయపడకండి

“వంశంలో వచ్చింది, మందు వేసి ఏం లాభం?” అనేవారున్నారు. వంశంలో వచ్చిన చూపు లోపానికి కళ్లద్దాలు పెట్టుకోవడం లేదా? ఉబ్బసం కూడా మందుతో అదుపులో ఉంటుంది. రోజూ సరిగా మందు వాడే పిల్లలు పరుగెత్తుతారు, పాడతారు, క్రికెట్ ఆడతారు.

“పంపు పెడితే అలవాటైపోతుంది” అనే భయం మరొకటి. ఇది నిజం కాదు. ఒక లెక్క చూడండి. సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌లో ఒక పఫ్‌కు 100 మైక్రోగ్రాములు ఉంటుంది. అదే మందు 2 మిల్లీగ్రాముల మాత్రలో 2,000 మైక్రోగ్రాములు. అంటే ఒక్క మాత్ర ఇరవై పఫ్‌లతో సమానం. మాత్ర రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. పఫ్ నేరుగా ఊపిరి గొట్టాలకు చేరుతుంది. సాల్బుటమాల్ ఆ పూటకు ఉపశమనం ఇచ్చేది మాత్రమే. లోపలి వాపును తగ్గించేది డాక్టరు రాసిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్. ఏళ్ల తరబడి వాడిన పిల్లల ఎత్తులో సుమారు ఒక సెంటీమీటరు తేడా రావచ్చని అధ్యయనాలు చెబుతున్నాయి. దాన్ని మేము దాచము. కాని ఊపిరి అందక గడిచే రాత్రులతో, ప్రాణాపాయంతో పోల్చుకొని మీరే ఆలోచించండి. చిన్న పిల్లలకు మాస్కు ఉన్న స్పేసర్‌తోనే ఇవ్వాలి. ఈ.ఎస్.ఐ. కార్డు ఉన్న కార్మికుల పిల్లలు నాచారం ఈ.ఎస్.ఐ. ఆసుపత్రిలో వైద్యం పొందవచ్చు.

మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదానికి వెళ్లే కుటుంబాలు మన మధ్య కూడా ఉన్నాయి. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. ఎవరి నమ్మకం వారిది. దాన్ని నమ్ముకొని ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి. ప్రార్థన చేయించుకొని ఆపేవారికీ ఇదే మాట చెబుతాము.

బిడ్డ ఊపిరి తీస్తుంటే పక్కటెముకల మధ్య లోపలికి గుంజుకుపోతున్నా, మాట్లాడలేకపోతున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.

నింద వద్దు, నిజం చెప్పండి

పుట్టుగుడ్డివాడిని చూసి, ఇది ఎవరి పాపం, ఇతనిదా, ఇతని తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగిన సంగతి మనకు తెలుసు. ప్రభువు ఆ ప్రశ్ననే ఒప్పుకోలేదు, ఆ మనిషికి కావలసినది చేశాడు. మా ఓ.పి. గదిలో కోడలి మీదికి వేలు చూపే ప్రతిసారీ మాకు ఆ సంగతి గుర్తుకొస్తుంది. తల్లిదండ్రులు తమ జన్యువులను ఎంచుకొని ఇవ్వలేరు. అదే తల్లి, అదే తండ్రి ఆ బిడ్డకు నవ్వునూ, గొంతునూ, తెలివినీ కూడా ఇచ్చారు. వాటి గురించి ఎవరి వైపు నుంచి వచ్చాయని ఎవరూ తగవు పడరు కదా!

కాబట్టి మా మనవి ఇది. వచ్చేసారి ఓ.పి.కి వచ్చేముందు నానమ్మ, తాతయ్య, అమ్మమ్మ, మేనమామ, అందరినీ ఒకసారి అడగండి. ఎవరికి ఆయాసం ఉండేది, ఎవరికి తుమ్ములు, ఎవరికి దురద, ఎవరు పొగ తాగేవారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకొని తీసుకురండి. రెండు వైపులవీ రాయండి. మీరు అందరి ముందు చెప్పలేకపోతే విడిగా చెప్పండి, మేము వింటాము. మీ మాట మా దగ్గరే ఉంటుంది. అత్తమామలకు ఒక మాట: “మా వైపు కూడా ఉంది బిడ్డా” అని మీరు ముందుగా అంటే, మీ కోడలికి ఎంత ధైర్యమో, మీ మనవడికి ఎంత మేలో ఆలోచించండి.